పాత ట్యాబ్

జగదాంబ దగ్గర సందులో
మూడువేల అయిదొందలకి బేరమాడి తెచ్చాడు సన్యాసి.
ఒక మూల చిట్లింది. వెనక సగం గీకేసిన చేప స్టిక్కరు.
"ఇంకేటి, నీ సూదికీ దాని వేలికీ మధ్య
ఇదో గోడ" అన్నాడు,
అనేసి మార్షలింగ్ యార్డుకి నైట్ డ్యూటీకెళ్ళిపోయాడు.

గోడ కావాలి నాకు. అబద్ధమెందుకు.
పోయిన మంగళవారం మోక్షిత
నడుస్తున్న మిషను కింద చెయ్యి పెట్టింది.
సూదికీ వేలికీ మధ్య పట్టు గుడ్డ మడత ఒక్కటే అడ్డం.
పెందుర్తి పెళ్ళికూతురి జాకెట్టు అది.
దాని లోపలివైపు నా చెమట మరక ఉంది.
ఆమెకి చెప్పలేదు. సన్యాసికీ చెప్పలేదు.

కంచరపాలెంలో కొండవాలు మీద ఒకటిన్నర గది మాది,
ఒకటి మాకు, సగం మిషనుకి.
తలుపు తీస్తే మెట్లు, మెట్ల కింద ఆటోలు.
నాలుగేళ్ళయినా నిండని పిల్లని
ఆ సగంలో ఏ సగాన కూర్చోబెట్టను?

కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ
ఓ మాట కూడా ఇచ్చి పోతుంది.
చేతులు పైకెత్తి నిలబడి హైమావతి టీచరు
"వద్దమ్మా, కళ్ళు పోతాయి, మాటలు ఆగిపోతాయి" అంటుంది.
ఆవిడ నడుము ముప్ఫై ఆరు.
రైల్వే క్వార్టర్స్ ఫరీదా నవ్వుతుంది.
"మావాడు దాన్ని చూస్తూనే నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాడు.
ఇచ్చెయ్, నీ పని నువ్వు చూసుకో."
ఆవిడకి చేతులు వదులుగా కావాలి.
ఇద్దరి మాటలూ పుస్తకంలో రాసుకున్నాను, కొలతల పక్కనే.
ఏదీ నా ఒంటికి సరిపోలేదు.

రాత్రి పిల్ల పడుకుందనుకున్నాక
మిషను బల్ల మీద పెట్టి తెరిచాను.
యార్డులో పెట్టెకి పెట్టె తగిలించుకుంటున్న చప్పుడు.
అన్నీ చెరిపేశామన్నాడట షాపువాడు,
ఫోటోలు మాత్రం మిగిలిపోయాయి. నూట పన్నెండు.
ఎవరో చిన్నది తీసినవి,
చిన్నదో చిన్నోడో మరి,
తన మొహం ఒక్కదాన్లోనూ లేదు.
ఫ్యాను. ఫ్యాను. తిరుగుతున్న ఫ్యాను.
మంచం కింద ఒంటి చెప్పు.
అడ్డొచ్చిన బొటనవేలి ఎర్రటి చీకటి.
కిటికీ ఊచల్లోంచి వంకరగా డాల్ఫిన్ నోస్ కొండ.
అయితే ఈ ఊరి పిల్లే.
తర్వాత ఒక వీపు.
నైటీ మీద తువ్వాలు వేసుకున్న వీపు,
స్టవ్వు వైపు తిరిగి.
పదిహేడు సార్లు అదే వీపు.
పద్దెనిమిదోది మళ్ళీ ఫ్యాను.

నా మోచేతి కిందనుంచి వెచ్చటి తల దూరింది.
నిద్రపోలేదు దొంగ.
తెర మీద వేలు పెట్టి
"అమ్మా, నువ్వు" అంది.
కాదమ్మా, ఎవరో.
"కాదు. నువ్వే."

సన్యాసి డ్యూటీ దిగి వచ్చేసరికి
మిషను అటుది ఇటు తిప్పేశాను.
కిటికీ ఇప్పుడు నా వెనక.
కుట్టే గుడ్డ మీద నా నీడే పడుతుంది,
దారం ఎక్కించాలంటే లేచి గుమ్మం దాకా వెళ్ళాలి.
"వెర్రెక్కిందా" అన్నాడు. టీ తాగి పడుకున్నాడు.

ఎదురుగా చాప మీద మోక్షిత,
గుండీల డబ్బా బోర్లించుకుని.
గూడ్సు కూత వినబడితే గుండీలు వదిలి నన్ను చూస్తుంది.
చూస్తూనే ఉంటుంది.
అంతసేపు ఎవరైనా చూస్తే
మొహాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలీదు.
పది నిమిషాలకి మళ్ళీ మిషను దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.
ఈసారి ముందే కనబడింది, పాదం ఆపాను.
రోజుకి నాలుగు జాకెట్లు కుట్టేదాన్ని. ఇప్పుడు మూడు.

ట్యాబ్ లైనింగు ముక్కల సంచిలో ఉంది.
చార్జింగ్ పెట్టలేదు. అమ్మేయనూ లేదు.
ఆ ఫోటోలు చెరపడానికి చెయ్యి రాలేదు.
వచ్చే నెల దసరా ఆర్డర్లు మొదలవుతాయి.
అప్పుడు ఇస్తానేమో. ఇస్తాను కాబోలు.
ఇచ్చిన రోజు
అది తీసే మొదటి ఫోటోకి
నేను ఎటు తిరిగి ఉంటానో,
మెడలో టేపు వేలాడుతూనే ఉంది గానీ
అదొక్కటీ కొలవలేకపోతున్నాను.